దాయాదుల చిన్నచూపు

అమెరికావారును ఐరోపావారును ఒకరినొకరు చిన్నచూపు చూచుకొనుట నిన్న మొన్న పుట్టిన సంగతి గాదు. పదునెనిమిదవ శతాబ్దిలో బుఫాన్ అను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు క్రొత్తఖండపు జంతువులు పాతఖండపు జంతువులకంటె చిన్నవనియు, అచ్చటి శీతోష్ణస్థితి జీవులను కృశింపజేయుననియు గ్రంథస్థము చేసెను. ఆ కాలమున పారిసులో అమెరికా ప్రతినిధిగా నున్న థామస్ జెఫర్సన్ ఈ మాటను సహింపలేకపోయెను. మూస్ అను మహాకాయమగు దుప్పి కళేబరమును 1787లో తన దేశమునుండి సముద్రము దాటించి తెప్పించి, ఆ పండితునికి చూపుటకై పంపెను. దారిలో దాని బొచ్చు చాలవరకు రాలిపోయెను గాని కొలతకు లోటు రాలేదు. స్వాతంత్ర్యమును ప్రకటించుకొని పదునొకండేండ్లయిన దేశము తన పరువును ఒక దుప్పి పొడవుతో నిలుపుకొనవలసి వచ్చెను!

అటుపిమ్మట ఫ్రాన్సెస్ ట్రాలప్ అను ఆంగ్లవనిత అమెరికాలో కొన్నియేండ్లు కాపురముండి, పెట్టిన వ్యాపారము సాగక తిరిగివచ్చి, అమెరికనుల ఇంటివాడుకలను ఎద్దేవచేయుచు 1832లో ఒక పుస్తకము ప్రకటించెను. డికెన్సు వెళ్లివచ్చి 1842లో మరియొకటి వ్రాసెను. పొగాకు నమలి ఎక్కడబడిన నక్కడ ఉమియుట ఇరువురి కంటను పడినది. అమెరికావారు మాత్రము ఊరకుండిరా? రాజులు, బిరుదులు, పుట్టుకనుబట్టి గౌరవము, ఇరుగుపొరుగుతో ఎడతెగని యుద్ధములు, ఇదియే ఐరోపా యని తమ బిడ్డలకు చెప్పుకొనిరి. 2003లో ఇరాకుపై దండయాత్రకు ఫ్రాన్సు, జర్మనీలు సమ్మతింపనప్పుడు అమెరికా రక్షణమంత్రి రంస్‌ఫెల్డు వానిని పాత ఐరోపా యని తీసిపారవైచెను. అమెరికా ప్రతినిధిసభవారి భోజనశాలలో ఫ్రెంచివారి పేరుగల బంగాళాదుంప వేపుడునకు ఆ పేరు తొలగించి స్వాతంత్ర్యపు వేపుడని నామకరణము చేసిరి. దుంప మాత్రము మారలేదు.

ఒకరి తాతముత్తాతలు రెండవవారి దేశపు మట్టిలో నున్నారు. మతము ఒకటి, చదువు ఒకటి, భాషలు అక్కడినుండి ఇక్కడికి వచ్చినవే. ఇంత చుట్టరికముగల వారికి ఇంత ఎగతాళి యేల? అతి సమీపమున నుండి, అన్నిట నొకరినొకరు పోలియున్న జనులే చిన్నచిన్న భేదములను పట్టుకొని ఎక్కువగా కలహింతురని ఫ్రాయిడు పండితుడు 1930లో వ్రాసెను. స్పెయినువారు-పోర్చుగీసువారు, ఇంగ్లీషువారు-స్కాచివారు ఆయన చూపిన ఉదాహరణములు. ఈ సిద్ధాంతమును జర్మనుభాషనుండి నేర్చుకొనవలసిన యవసరము తెలుగువానికి లేదు. మనకు దాయాది యను మాట ఒకటి కలదు; అందులో ఈ శాస్త్రమంతయు ఇమిడియున్నది. పొరుగూరి షావుకారు మేడ కట్టిన మనకు నిద్ర పట్టును; దాయాది పాక తీసి పెంకుటిల్లు వేసిన నిద్ర పట్టదు. పరాయివానిని ద్వేషింపవచ్చును, వానికి భయపడవచ్చును. ఎగతాళి చేయుటకు మాత్రము కొంత రక్తసంబంధము కావలెను.

అంబాజీపేటలో నున్నవారు ఈ సంగతి తెలిసికొనుటకు సముద్రములు దాటనక్కరలేదు. ఇచ్చటి కొబ్బరికాయ లారీలకెక్కి గుజరాతు, మహారాష్ట్రము, ఉత్తరప్రదేశము మొదలగు దూరప్రాంతములకు పోవును. ఉత్తరాది సేటు వేయికాయల ధర దించినను, బాకీ నిలిపినను మన వర్తకుడు వానిని తిట్టునేమో గాని హేళన చేయడు. వాడు వేరు, మనము వేరు. కేరళమువాని కాయ మన కాయతో పోటీకి వచ్చినను, ధర లెక్క చూచుకొని యూరకుండును. అదే సంభాషణ హైదరాబాదు వైపు మరలనిండు! నైజాము వారికి పని చేతకాదనియు, మాట తిన్నగా రాదనియు, అది సగము ఉరుదూ సగము తెలుగనియు, పెండ్లియైనను చావైనను కల్లుకుండ ముందుండవలెననియు వరుసగా వినవచ్చును. ఇట్లు చెప్పువారిలో పెక్కురు ఆ దేశమున ఒక్క పల్లెలోనైనను ఒక్క రాత్రి నిద్రచేసినవారు గారు.

వరంగల్లులోనో నల్లగొండలోనో కూర్చున్నచో ఆవలివైపు పాట వినవచ్చును. ఆంధ్రోళ్లు తీయగా మాటాడి గొంతు కోయుదురట. అండీ, ఆయ్ అనుచునే భూమి కాగితము తమ పేర వ్రాయించుకొందురట. విస్తరిలో పదార్థములెక్కువ, మనసు తక్కువయట. కోనసీమవాని మర్యాద అక్కడ మోసముగా కనబడును. అక్కడివాని సూటిమాట ఇక్కడ మోటుగా వినబడును. అమెరికావాడు ముక్కు మొగము తెలియని వానిని నవ్వుచు పలుకరించిన జర్మనీవాడు దానిని బూటకమనుకొనును. జర్మనీవాడు పలుకరింపక పోయిన అమెరికావాడు పొగరనుకొనును. గుణము ఒకటియే, చూచువాడు నిలుచున్న గట్టు వేరు.

గట్టు వేరైనది ఎట్లు? ఒకే భాష మాటాడువారి నడుమ ఈ గట్టును వేసినవారు తెలుగువారు గారు. ఉత్తరసర్కారులు 1766లోను, 1768లోను జరిగిన సంధులవలన నైజాము చేతినుండి ఇంగ్లీషు కుంఫిణీ చేతికి పోయినవి. బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలు 1800లో పోయినవి. ఇచ్చినవాడు నైజాము, పుచ్చుకొన్నవాడు దొర. ఇయ్యబడిన వారిని అడిగినవారు లేరు. మిగిలిన తెలుగుదేశము నైజాము క్రిందనే 1948 వరకు నుండెను. నూటయెనుబదియేండ్లు ఒక వైపు కలెక్టరు కచ్చేరి, ఇంగ్లీషు బడి; రెండవ వైపు జాగీరు, దేశముఖు గడి, వెట్టిచాకిరి, ఉరుదూ ఫర్మానాలు. ఇట్లు పెరిగిన అన్నదమ్ములు మరల కలిసినపుడు ఒకని నడక ఒకనికి నవ్వు పుట్టించుటలో ఆశ్చర్యమేమున్నది?

నీటి కథ ఇంతకన్న ముఖ్యమైనది. కోనసీమవారు తమ సిరికి తమ తెలివియే కారణమని తలంచుట కలదు. అందుచే మేము ఒక లెక్కను జ్ఞప్తికి దెచ్చుచున్నాము. రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షల 38 వేలు; 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరువదియేండ్లలో క్షామములు, తుపానులు, శిస్తుబాధ కలిసి ఇందరిని మ్రింగినవి, లేక పొరుగు ప్రాంతములకు తరిమినవి. గోదావరి గట్టున నుండియు మన పూర్వులు ఆకలిచే అలమటించిరి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరముకడ ఆనకట్ట మొదలిడి 1852లో ముగించెను. గన్నవరముకడ వైనతేయమునకు అక్విడక్టు కట్టి కాలువను నదిమీదుగా నడిపించి నగరపు దీవికి నీరిచ్చిరి. అంతకు ముందును అదే నాగలి, అవే యెడ్లు, ఆ కులములే, ఆ మనుష్యులే. మధ్య వచ్చినది నీరు. నీటివెంబడి రెండు పంటలు, పంటవెంబడి రొక్కము, రొక్కమువెంబడి రాజమహేంద్రవరపు కళాశాల, చెన్నపట్టణపు ప్లీడరు చదువు. కృష్ణాతీరమునకు పోయినచో పాలమూరు జిల్లావాని పొలము నదీగర్భమునకు ఎంత యెత్తున నున్నదో కంటికి కనబడును. వాని జిల్లా గట్టునుండి కృష్ణ పారుచునే యున్నది. వాడు పార పలుగు పుచ్చుకొని దేశదేశములలో ఆనకట్టలు కట్టు కూలికి పోయినాడు. పాలమూరు కూలీ చేయి పడని పెద్ద ఆనకట్ట దక్షిణదేశమున అరుదు. వానిని సోమరి యన్నవాడు వానిచే కట్టబడిన ప్రాజెక్టు నీరే త్రాగుచుండెనేమో!

ఇంక, ఎవరు ఎవరికి ఏ రూపమున దర్శనమిచ్చిరో చూడవలసి యున్నది. మా అభిప్రాయమున చిన్నచూపునకు మూలము ఇచ్చటనే కలదు. నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప సర్కారుజిల్లాల రైతులు బోధను, వర్ని, బాన్సువాడ ప్రాంతములకు తరలిపోయిరి. డెల్టాలో ఎకరము అమ్మిన సొమ్ముతో అక్కడ అనేక యెకరములు కొనవచ్చును. కష్టపడిరి, అడవి కొట్టిరి, వరి పండించిరి. ఆ ఊళ్లలో కొన్నిటి పేళ్ల చివర క్యాంపు అను మాట నేటికిని కలదు. ఊరు అనక క్యాంపు అనుటలోనే, వచ్చినవారు స్థానికులతో కలిసిరో కలియలేదో తెలియుచున్నది. తరువాత 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగి నైజాము పాలన అంతరింపగా, ఇంగ్లీషు వచ్చిన ఉద్యోగులు కావలెనని చెన్నరాష్ట్రమునుండియు ఇతర ప్రాంతములనుండియు గుమాస్తాలను, అధికారులను, ఉపాధ్యాయులను దింపిరి. ఉరుదూలో చదివి ఉద్యోగములకై కాచుకొనియున్న స్థానిక యువకులు వీధిన పడిరి. 1952 సెప్టెంబరులో నాన్‌ముల్కీలు తిరిగిపోవలెనను ఆందోళన హైదరాబాదున చెలరేగి, సిటీకళాశాల కడ తుపాకులు ప్రేలి కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఆనాటి నినాదములలో ఇడ్డెన, సాంబారు కూడ తిట్లయినవి. వేపుడునకు పేరు మార్చిన అమెరికా ప్రతినిధిసభకంటె మనవారు అరువదియేండ్లు కాకున్నను ఏబదియేండ్లు ముందున్నారు.

దీని ఫలమేమి? తెలంగాణపు పల్లెవానికి సర్కారువాడు భూమి కొనువాడుగనో, అర్జీ త్రిప్పికొట్టు గుమాస్తాగనో, గుత్తేదారుగనో దర్శనమిచ్చెను. కోనసీమలో తాటియెత్తు చెట్టెక్కి ప్రాణము అరచేత బెట్టుకొని కాయ దింపు కూలివాడు వాని కంట బడలేదు. కౌలు కట్టలేక పొలము వదలిన రైతు కంటబడలేదు. 2011 సార్వాలో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించిరన్న వార్త వానికి వింతగా తోచియుండును. కోనసీమయనగా పచ్చనోటువలె పచ్చని దేశమని వాని తలంపు. ఇటు మనవారికి తెలంగాణమువాడు కూలిగనో, ఆటోవాడుగనో, ఇంటి కావలివాడుగనో కనబడెను. గడీలమీద తిరుగబడి 1946 మొదలు 1951 వరకు సాయుధముగా పోరాడిన నల్లగొండ రైతును మనవారు పుస్తకములో చదివిరి. ఇంటి కావలివానియందు వానిని పోల్చుకొనలేదు. అమెరికా సినిమా చూచి అమెరికా నంతయు తుపాకీమయమనుకొను ఫ్రెంచివానికిని మనకును భేదమేమి?

భాషనుగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసి యున్నది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో సంఘసంస్కారసభ జరిగెను. ఇంగ్లీషు, ఉరుదూ, మరాఠీ ఉపన్యాసములను సభవారు ఓపికతో వినిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ లేవగానే కేకలు, చప్పట్లు! తెలంగీ బేఢంగీ యని ఆ నగరమున ఒక సామెతయే యుండెడిది. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. అంతటితో ఆగినను బాగుండెడిది. ఉరుదూవానిచే తెలుగువాడని నవ్వబడిన తెలంగాణమువాడు, సర్కారువానిచే తెలుగు రానివాడని నవ్వబడెను. తెలంగాణమున కవులు లేరని ఒకరు తేలికగా వ్రాసిన మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు తిట్టుతో సమాధానము చెప్పలేదు. 1934లో 354 మంది కవుల రచనలను సేకరించి గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. జెఫర్సన్ పంపిన దుప్పికంటె ఇది మేలైన సమాధానమని మా యభిప్రాయము. అయినను దుప్పి దుప్పియే. ఉన్నదని నిరూపించుకొనవలసి వచ్చుటయే అవమానము.

అదియైన పిదపనైనను నవ్వు ఆగినదా? లేదు. వ్రాతకు గోదావరి, కృష్ణా మండలముల శిష్టుల మాట ప్రమాణమైనది. అచ్చుయంత్రములు, పత్రికలు, పాఠ్యపుస్తకములు ఇక్కడివారి చేతిలో మునుపు పడినవి గనుక ఇది జరిగెనే గాని, ఆ మాటలో తేనె యెక్కువగా నుండుటచేత గాదు. చలనచిత్రములు వచ్చిన పిమ్మట నాయకునికి ఒక భాష, రౌడీకిని విదూషకునికిని వేరొక భాష ఏర్పడెను. ఆ వేరొక భాష ఏ జిల్లాలదో పాఠకులెరుగుదురు. కోట్లమంది తమ తల్లిమాటను దుష్టుని నోటనో వెకిలివాని నోటనో విని చీకటిలో కూర్చుండిరి. 2017లో ఫిదా, 2023లో బలగము వంటి చిత్రములలో ఆ మాట కథానాయిక నోటికి, ఇంటిపెద్దల నోటికి వచ్చినది. చూచినవారు మన జిల్లాలలోను కంటతడి పెట్టిరి. ఇన్ని దశాబ్దములు పట్టవలసిన పనియా ఇది? ఇక, మన ఆయ్‌ని, సాగదీతను పట్టుకొని నవ్వించుటకు వాడుచున్నారని కోనసీమవారు చిన్నబుచ్చుకొందురు. చిన్నబుచ్చుకొనుట న్యాయమే. ఆ న్యాయము నల్లగొండవానికిని వర్తించును.

పైవన్నియు కారణములే గాని, మా దృష్టిలో మూలకారణము వేరు. తెలుగువారి నూరేండ్ల చరిత్రలో ఫిర్యాదు ఒకటియే; చెప్పువారు మారుచు వచ్చిరి. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ కూడినపుడు సర్కారువారి మొర యేమి? చెన్నపట్టణపు కొలువులన్నియు అరవలు పట్టుకొనిరి, కళాశాలలు వారివి, రాజధాని వారిది, మన పన్ను వారికి, మనభాషకు గౌరవము లేదు. ఈ మొరను దురాశయని అరవపత్రికలు నవ్వినపుడు మనవారికి కడుపు మండినది. తరువాత కథ చూడుడు. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లో ఏర్పడి, అనంతపురమువారు కోరినను వారికి రాక, వాల్తేరు చేరినది. అప్పుడు రాయలసీమవారు అదే మొర పెట్టిరి: కొలువులు సర్కారువారివి, నీళ్లు సర్కారువారివి, చదువు సర్కారువారిది. మనవారిలో నవ్వినవారు లేకపోలేదు. అయినను పెద్దలు కొందరు విజ్ఞులై, 1937 నవంబరు 16న చెన్నపురిలో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్ గృహమున కూర్చుండి, సీమకు నీటిలో ముందు హక్కు, అనంతపురమున విశ్వవిద్యాలయకేంద్రము, రాజధానియో ఉన్నతన్యాయస్థానమో కోరుకొను స్వేచ్ఛ అని వ్రాసికొనిరి.

మూడవ పర్యాయము 1956. తెలంగాణమువారి మొర మాటకు మాట మన 1913 నాటి మొరయే: కొలువులు పోవును, భూములు పోవును, చదువుకొన్నవారి క్రింద చదువులేనివారము నలిగిపోదుము. ఫజలాలీ సంఘము 1955లో ఈ భయము నిరాధారము గాదని గుర్తించి, హైదరాబాదు రాష్ట్రమును తాత్కాలికముగా వేరుగా నుంచి 1961 ఎన్నికల పిమ్మట శాసనసభవారి ఇష్టమునకు విడువుమని సలహా యిచ్చెను. ఆ సలహా త్రోసివేసి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుష్యుల ఒప్పందము వ్రాసికొనిరి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైన ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనని అందు కలదు. నవంబరు 1న రాష్ట్రమేర్పడెను; ఉపముఖ్యమంత్రిని నియమింపలేదు. ఆ పదవి చేతికి ఆరవవ్రేలు వంటిదని మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు అనిరని ప్రసిద్ధి. ఒప్పందపు షరతునకు సమాధానము ఒక ఛలోక్తి! చదువరులు ఈ చోట ఒక నిమిషమాగి ఆలోచింపవలెనని మా కోరిక. అప్పు తీర్చుమని వచ్చిన దాయాదిని చూచి, వాని తలపాగా వంకరగా నున్నదని నవ్విన ఆ పూటకు అప్పు మాట మరుగున పడును. హేళన యనునది చాలసారులు ఇట్టిదే. ఫిర్యాదును వినకుండుటకు మనము వేసికొను తలుపు అది.

ఫిర్యాదునకు లెక్క కలదు. ఇన్ని కొలువులు, ఇన్ని టీ.ఎం.సీ.లు, ఇంత మిగులుధనము అని కూర్చుండి తేల్చుకొనవచ్చును. హేళనకు లెక్క లేదు. 1969లో తెలంగాణము మండినపుడు తేలవలసినది లెక్క, తేల్చలేదు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీముకోర్టు తీర్పు చెప్పగానే ఇటువైపు జై ఆంధ్ర యని లేచినది. అంతవరకు విడిపోవుట దేశద్రోహమన్నవారే విడిపోవలెననిరి. 1973లో ఆరుసూత్రముల పథకము వచ్చి రెండింటిని కొంతకాలము చల్లార్చెను. తుదకు 2014 జూన్ 2న రాష్ట్రము రెండయినది. అప్పుడు ఈవలివారి నోట వినవచ్చిన మాటలేవి? రాజధాని వారికి పోయినది, కొలువులు వారికి పోయినవి, మనము కట్టిన పట్టణమున మనము పరాయివారమైతిమి! 1913 నాటి మొర నూరేండ్లకు బయలుదేరిన యింటికే తిరిగివచ్చినది. ఆవలివారిలో కొందరు నవ్విరి. అమరావతి సంగతిలో రాయలసీమవారును, విశాఖ, శ్రీకాకుళమువారును మరల అదే పాటను ఎత్తుకొన్నారు. అంతయేల, కోనసీమలోనే జిల్లా పేరును గూర్చి 2022 మే నెలలో అమలాపురమున ఇండ్లు తగులబెట్టిరి. గట్టు ఎంత చిన్నదైన తగవు అంత పెద్దది.

దెబ్బ తిన్నవాని కోపమును, కూర్చున్నవాని వెక్కిరింతను ఒకే త్రాసున వేయుచున్నామని కొందరు మమ్మాక్షేపింపవచ్చును. అట్లు గాదు. ఉద్యోగము పోయిన ముల్కీ యువకుని కోపమునకు ఆధారము కలదు. ఆంధ్రోడందరు దొంగలను మాటకు ఆధారము లేదు. 2014 తరువాత కట్టుబట్టలతో వచ్చితిమను సర్కారువాని బాధకు కొంత ఆధారము కలదు. నైజామువానికి పాలన చేతకాదను మాటకు లేదు. మొదటిదానిని న్యాయస్థానమునకు కొనిపోవచ్చును. రెండవది సంతలో చెల్లు సరుకు. దానిని అమ్మినవాడు ఓట్లు కొనుచున్నాడు.

కలిసి పనిచేసిన చరిత్రయును లేకపోలేదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపించినవారిలో కృష్ణాతీరమునుండి పోయిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఒకరు, తెలంగాణపు రావిచెట్టు రంగారావుగారు మరియొకరు. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి 1906లో పుట్టినది ఆ నగరముననే. అచ్చట కూర్చుండి వారు తెలుగువాడు చదువుకొనుటకు చరిత్ర, విజ్ఞానశాస్త్రము సిద్ధపరచిరి. ఎవరి యాస మేలైనదని వాదించుకొనిరన్న వార్త మాకు చేరలేదు.

ఇప్పటి స్థితి విచిత్రముగ నున్నది. కుంఫిణీ పోయినది, నైజాము పోయెను, దత్తమండలమను పేరు అవమానకరమని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యని పేరు పెట్టిరి. అయినను నేటికిని చలనచిత్ర వర్తకులు హక్కులు అమ్ముకొనునపుడు నైజాము, సీడెడ్, ఆంధ్ర యని మూడు రాసులు పోయుదురు. రూపాయల దస్త్రములో 1800 నాటి పటము చెక్కుచెదరలేదు. ఇక గల్ఫుదేశములకు పోయి చూచిన, రాజోలు తాలూకా స్త్రీలు కువైటులో ఇంటిపనులు చేయుచున్నారు. జగిత్యాల, కరీంనగరపు పురుషులు దుబాయిలో కట్టడములు మోయుచున్నారు. అచ్చటి యజమానికి వీరి యాసల భేదము తెలియదు. జీతము బిగబట్టునపుడు ఇరువురిని సమముగనే చూచును. సంక్రాంతికి మన బిడ్డలు హైదరాబాదునుండి బస్సులకు రెండింతలు మూడింతలు చెల్లించి వత్తురు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశరుద్రుల ప్రభలు చూతురు. వారి బిడ్డలు, మనుమలు, అచ్చట పుట్టి అచ్చటి బడిలో చదివినవారు, తాతతో మాటాడునపుడు నోట ‘గిట్ల’, ‘ఏంది’ అని వచ్చును. తాతగారు నవ్వి సవరింతురు. ఆ పిల్లవాడు తిరిగిపోయి బడిలో ‘ఆయ్’ అన్నచో అచ్చటివారు నవ్వి సవరింతురు. పదేండ్ల పసివాడు రెండు చోట్లను పరాయివాడగుచున్నాడు. అతనికి దీనిలో భాగమేమి?

గోదావరి మాత్రము ఈ గట్టులను లెక్కపెట్టదు. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిదే. 2014లో చుట్టుప్రక్కల మండలములు ఆంధ్రప్రదేశమునకు వచ్చి, పట్టణము తెలంగాణమున నిలిచినది. రామునిగుడి ఒక రాష్ట్రము, ఊరి పొలిమేర మరియొక రాష్ట్రము. వరదకాలమున మన లంకలవారు మొదట అడుగునది ధవళేశ్వరపు మట్టము గాదు. భద్రాచలమున ఎన్ని అడుగులున్నదని. నలువది మూడు అడుగులకు మొదటి హెచ్చరిక, నలువది యెనిమిదికి రెండవది, ఏబదిమూడునకు మూడవది. 2022 జూలైలో అక్కడ నీరు 71 అడుగులు దాటెను. వెనువెంటనే ధవళేశ్వరముకడ 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహము వచ్చి వైనతేయ, వసిష్ఠ లంకలు మునిగెను. ఆ రాత్రులలో గంటగంటకును భద్రాచలపు అంకెకొరకు ఇక్కడివారు మేలుకొని కాచుకొనియుండిరి. అంకె చెప్పినవాని యాస ఎట్టిదని ఎవరును అడుగలేదు.